బైండోవర్ అంటే వట్టి సంతకమేనా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర తండా. మా తమ్ముడు ఆటో నడుపుతాడు. కొన్నేళ్ల కింద బోరు మోటార్ల కేబుల్ దొంగతనంలో వాడి పేరు ఇరికించారు, కోర్టు కేసు కొట్టేసింది. ఇప్పుడు చుట్టుపక్కల మళ్లీ వైర్లు పోతున్నాయని పోలీసులు పిలిచి, తహసీల్దార్ ఆఫీసులో లక్ష రూపాయల బాండ్ రాసివ్వమంటున్నారు. సంతకం పెడితే అయిపోతుందట. పెట్టాలా?

జవాబు: అమ్మా, చేతికి రాతపూర్వక ఉత్తర్వు రాకుండా పెట్టొద్దని చెప్పండి. ఇకపై మంచి నడవడికతో ఉంటానని, తప్పితే ఇంత డబ్బు కడతానని మేజిస్ట్రేట్‌కు బాండ్ రాసివ్వడాన్నే బైండోవర్ అంటారు. దొంగతనం జరగకముందే ఆపే చట్టం ఉండాల్సిందే. యాసంగి మధ్యలో కేబుల్ పోతే రైతు పొలం ఎండిపోతుంది. అయితే పాత కేసు ఉన్న ప్రతి ఒక్కరినీ పట్టుకొచ్చి సంతకం తీసుకోమని ఆ చట్టం చెప్పలేదు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 129వ సెక్షన్ అలవాటుగా దొంగతనాలు చేసేవాళ్లకు. మూడేళ్ల వరకు బాండ్ అడగొచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో ఇదే 110వ సెక్షన్. కొట్టేసిన ఒక్క కేసుతో అలవాటు ఎట్లా తేలుతుంది? 128వ సెక్షన్ నేరం చేసే ఉద్దేశంతో తన ఉనికిని దాచి తిరిగేవాళ్లకు, ఏడాది వరకు. పట్టపగలు ఆటో స్టాండులో ఉండే మనిషికి అది వర్తించదు.

తహసీల్దార్ ఇక్కడ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్, అంటే ఇలాంటి బాండ్ అడిగే అధికారం ఉన్న రెవెన్యూ అధికారి. తనకు అందిన సమాచారం ఏమిటో, బాండ్ ఎంతకో, ఎంత కాలానికో, జామీనుదారులు ఎందరో ముందు రాసివ్వాలి. తర్వాత విచారణ జరపాలి. పోలీసుల సాక్షులను మీ లాయరు ప్రశ్నించవచ్చు. అలవాటు సంగతి తేల్చేటప్పుడు ఊళ్లో ఆ మనిషికున్న పేరు కూడా సాక్ష్యమే. అందుకే ఆటో ఎక్కే టీచర్నో, పక్క పొలం రైతునో మీ తరఫున చెప్పమనండి. ఇది మీకు చాలా బలం. విచారణ మామూలుగా ఆరు నెలల్లో ముగియాలి.

తేలిగ్గా తీసుకోవద్దని ఎందుకంటున్నానంటే, బాండ్ గడువులో జైలు శిక్ష పడగల ఏ నేరం చేసినా బాండ్ ఉల్లంఘించినట్టే, డబ్బు కట్టాల్సి వస్తుంది. అది దొంగతనమే కానక్కర్లేదు, ఊళ్లో కొట్లాట కేసులో నేరం రుజువైనా చాలు. ఇంకోటి, బైండోవర్ నేర శిక్ష కాదు గానీ, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు మన పూర్వాపరాలు చెబుతూ నింపే అటెస్టేషన్ ఫారంలో దాని గురించి ప్రశ్న ఉంటుంది. రేపు వాడు పరీక్షలు రాస్తే ఆ గడి నింపాల్సిందే.

అయితే విచారణ జరిగి తుది ఉత్తర్వు వచ్చాక మొండికేయొద్దు. జామీను ఇవ్వకపోతే గడువు తీరేదాకా జైల్లో పెట్టొచ్చు. బాండ్ ఇచ్చి, సెషన్స్ కోర్టులో అప్పీలు వేయండి. విచారణ నడుస్తుండగా తాత్కాలిక బాండ్ అడిగినా, అత్యవసరం ఏమిటో మేజిస్ట్రేట్ కారణాలు రాయాలి. ముందస్తు అరెస్టు అంటూ 170వ సెక్షన్ కింద తీసుకెళ్తే, వేరే ఆధారం లేకుండా 24 గంటలకు మించి ఉంచకూడదు.

లాయరు ఖర్చుకు టెన్షన్ పడకండి. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇస్తారు. పాత కేసు తీర్పు కాపీ, తమ్ముడి ఆధార్, ఆటో కాగితాలు తీసుకుని నల్లగొండ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి.