గ్రంథాలయానికి రాసిచ్చిన పాత బంగళాలో సాంస్కృతిక కేంద్రం పెట్టొచ్చా?

ప్రశ్న: వందేళ్లు దాటిన ఒక బంగళాను ఓ దాత గ్రంథాలయం కోసం ధర్మ ట్రస్టుకు రాసిచ్చారు. చాలాకాలంగా అది తాళం వేసి ఉంది. వేర్వేరు భాషలు, మతాల వాళ్లం కలిసి పెట్టుకున్న మా సొసైటీకి దాన్ని 30 ఏళ్ల లీజుకిస్తామని ట్రస్టీలు అంటున్నారు. అందరికీ పనికొచ్చే సాంస్కృతిక కేంద్రం నడపాలని మా ఆలోచన. బంగళా హెరిటేజ్ జాబితాలో ఉందని ఇప్పుడే తెలిసింది. ముందుకెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. మీ టెన్షనంతా హెరిటేజ్ గురించి. నాకు మాత్రం దానపత్రం మీదే అనుమానం. అందులో ‘గ్రంథాలయం, తదితర ప్రజోపయోగ కార్యక్రమాలు’ అని ఉంటే మీ పని సగం అయినట్టే. ‘గ్రంథాలయానికి మాత్రమే’ అని ఉంటే ట్రస్టీలంతా ఏకగ్రీవంగా తీర్మానించినా చెల్లదు, దాత ఉద్దేశాన్ని మార్చే అధికారం వాళ్లకు లేదు. అప్పుడు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 కింద కోర్టుకు వెళ్లాలి. అసలు ఉద్దేశం నెరవేరే పరిస్థితి లేదని తేలితే, దానికి దగ్గరగా ఉండే మరో ఉద్దేశానికి ఆస్తిని వాడుకోవడానికి కోర్టు ఒప్పుకోవచ్చు. ‘దగ్గరగా’ అన్న మాటే కీలకం. అందుకే ముందువైపు హాల్లో పుస్తకాలు, చదువుకునే బల్లలు ఉండేలా ప్లాన్ వేసుకోమంటాను. ట్రస్టు దేవాదాయ శాఖ పరిధిలోకి వస్తే దారి వేరు, మొదట ఆ శాఖనే అడగాలి.

ఏ హెరిటేజ్ జాబితాలో ఉందో మీరు రాయలేదు. కేంద్ర ప్రభుత్వం రక్షిత కట్టడంగా ప్రకటించినదైతే పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టం వర్తిస్తుంది. లోపల మీటింగు పెట్టాలన్నా అనుమతి కావాలి కాబట్టి, అక్కడ సాంస్కృతిక కేంద్రం నడపాలన్న ఆశ వదులుకోవడమే మేలు. అలాంటి కట్టడానికి 100 మీటర్లలోపు మీ బంగళా ఉన్నా కొత్త గది కట్టనివ్వరు, మరమ్మతుకూ అనుమతి తీసుకోవాలి. రాష్ట్ర లేదా పురపాలక జాబితా అయితే కొంత నయం. తెలంగాణలో ఇందుకు 2017 నాటి హెరిటేజ్ చట్టం ఉంది. ఏ జాబితా అయినా, వాడుక మార్పుకు పురపాలక అనుమతి తీసుకోండి.

మేస్త్రీని పిలిచే ముందు ఒక మాట. గానుగ సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూస్తే తడి లోపలే నిలిచి గోడ పాడవుతుంది, మీ మీద నోటీసూ వస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టాన్ని బట్టి ర్యాంపు తప్పదు. దాన్ని గోడకు అతికించకుండా విడిగా నిలబెట్టండి, అవసరమైతే తీసేయొచ్చు. పైకి చెక్కమెట్లు ఒక్కటే దారి అయితే మేడ మీద సభలు పెట్టకండి, అగ్నిమాపక శాఖ ఒప్పుకోదు.

పదకొండు నెలల అగ్రిమెంటులా తెల్ల కాగితం మీద కానిచ్చేయకండి. 30 ఏళ్ల లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, లేకపోతే అందులోని షరతులను రుజువు చేసుకోవడానికి ఆ కాగితం కోర్టులో పనికిరాదు. పండగలప్పుడు హాలు ఎవరికి, ఎలా ఇస్తారో సొసైటీ నిబంధనల్లో ఇప్పుడే రాసుకోండి, స్నేహాలు బాగున్నప్పుడే అవి తేలిగ్గా తెములుతాయి. పైకప్పు కారితే బాగుచేయించే ఖర్చు ఎవరిదో లీజులో స్పష్టంగా లేకుండా మాత్రం సంతకం పెట్టకండి.