అవుట్‌పుట్ ట్యూబుల జత కుదిర్చే ముందు

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

నీ పుష్-పుల్ ఆంప్లిఫయర్ (రెండు అవుట్‌పుట్ ట్యూబులు ఎదురెదురుగా పనిచేసేది) కోసం తెచ్చిన ఈఎల్34 అవుట్‌పుట్ ట్యూబులను టెస్టర్‌లో పెట్టి చూశావనీ, రీడింగులు దగ్గరగా వచ్చిన వాటిని జతలుగా విడదీశావనీ రాశావు. ఆ అంకెలతోనే జత కుదిరిందని అనుకోవద్దు.

నీ టెస్టర్ దేనిని కొలుస్తున్నదో ముందు తెలుసుకో. ఎమిషన్ టెస్టర్ అయితే కరెంట్‌ను అదుపుచేసే గ్రిడ్లన్నిటినీ, ఎలక్ట్రాన్లను అందుకునే ప్లేటుతో కలిపేసి, ట్యూబును రెండు కొసల డయోడ్‌గా మార్చి, ఎలక్ట్రాన్లను వెలువరించే కేథోడ్‌లో ఇంకా ఎంత సత్తువ మిగిలిందో మాత్రమే చూపుతుంది. అరిగిపోయిన ట్యూబులను ఏరివేయడానికే తప్ప, జత చూడడానికి అది పనికిరాదు. ట్రాన్స్‌కండక్టెన్స్ టెస్టర్ దానికంటే ఎంతో నయం. గ్రిడ్ వోల్టేజి ఒక వోల్టు మారితే ప్లేట్ కరెంట్ ఎన్ని మిల్లీఆంపియర్లు మారుతుందో అది చెబుతుంది. ఈఎల్34 విషయంలో ప్లేటు, స్క్రీన్ (రెండో గ్రిడ్) రెండూ 250 వోల్టుల వద్ద ఉన్నప్పుడు డేటాషీటు ఇచ్చే విలువ సుమారు 11. అయితే ఈ విలువ సమానంగా ఉన్న రెండు ట్యూబులు ఒకే బయాస్ (గ్రిడ్‌కు ఇచ్చే స్థిర వోల్టేజి) వద్ద వేరువేరు కరెంట్ తీసుకోవచ్చు. అందువల్ల ట్రాన్స్‌కండక్టెన్స్‌నూ, ప్లేట్ కరెంట్‌నూ రెండింటినీ కొలిచి, పక్కపక్కనే రాసిపెట్టుకో.

కొలిచేటప్పుడు తొందర కూడదు. మొదట షార్ట్ పరీక్ష (లోపలి భాగాలు ఒకదానికొకటి తగులుతున్నాయా అని) చేసి, ట్యూబు వేడిగా ఉండగానే వేలితో మెల్లగా తట్టి చూడు. ఆ తరువాత కనీసం ఐదు నిమిషాలు ఆగి, మెయిన్స్ వోల్టేజి సరిచేసే నాబ్‌ను ప్రతి ట్యూబుకూ మళ్లీ సరిచూసుకున్నాకే మీటరు చదువు. ముల్లు ఒకచోట నిలవకుండా పైకి పాకుతూ పోతే ఆ ట్యూబులో గ్యాస్ ఉందేమోనని అనుమానించి పక్కన పెట్టు. అన్నీ అయ్యాక వరస మార్చి ఇంకోసారి కొలువు. ఒకే ట్యూబు రెండుసార్లలో మూడు శాతం తేడా చూపితే, రెండు ట్యూబుల మధ్య రెండు శాతం తేడా గురించి బెంగపడడంలో అర్థం లేదు. నా దృష్టిలో ఐదు శాతంలోపు తేడా ఉంటే అది మంచి జతే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, పుష్-పుల్‌లో రెండు ట్యూబుల కరెంట్లు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో ఎదురెదురుగా ప్రవహించి, కోర్‌లోని డీసీ అయస్కాంతత్వాన్ని పరస్పరం రద్దు చేసుకోవాలి. అవి సమానంగా లేకపోతే మిగిలిన తేడా కోర్‌ను ఒక పక్కకు నెట్టి బాస్ స్వరాలను పాడుచేస్తుంది, పవర్ సప్లై నుండి వచ్చే హమ్ కూడా పూర్తిగా రద్దు కాదు. టొరాయిడల్ (ఉంగరం ఆకారపు కోర్ ఉన్న) ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఈ తేడాను మరీ తక్కువగా ఓర్చుకుంటుంది.

చివరి తీర్పు ఆంప్లిఫయర్‌లోనే జరగాలి, ఎందుకంటే చాలా టెస్టర్లు ట్యూబుకు ఇచ్చే వోల్టేజి నీ ఆంప్లిఫయర్ ఇచ్చే 430 వోల్టులకు ఎంతో తక్కువ. ప్రతి కేథోడ్‌కూ గ్రౌండ్‌కూ మధ్య ఒక ఓమ్ రెసిస్టర్ పెడితే, దాని మీద కనిపించే ఒక్కో మిల్లీవోల్టు ఒక్కో మిల్లీఆంపియర్ అవుతుంది, అందులో స్క్రీన్ కరెంట్ కూడా కలిసే ఉంటుంది. 430 వోల్టుల వద్ద 40 మిల్లీఆంపియర్లంటే 17.2 వాట్లు. ఈఎల్34 ప్లేటు గరిష్ఠ పరిమితి 25 వాట్లు కనుక అది నిశ్చింతగా నడిచే స్థితి. ఆంప్లిఫయర్ పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్లలో స్విచ్ ఆపేసిన తరువాత కూడా ప్రాణం తీసేంత చార్జి నిలిచి ఉంటుంది. వాటిని డిశ్చార్జ్ చేసి, మీటరుతో నిర్ధారించుకోకుండా లోపల చెయ్యి పెట్టవద్దు, ఇది మాత్రం ఎప్పుడూ మరువకు.

ఒక్కో ట్యూబుకు విడిగా బయాస్ సర్దుకునే ఏర్పాటు ఉంటే కరెంట్లను నువ్వే సమం చేసుకోవచ్చు, అప్పుడు జతలో ట్రాన్స్‌కండక్టెన్స్ ముఖ్యమవుతుంది. రెండింటికీ ఒకే బయాస్ ఉంటే కరెంట్ విషయంలో రాజీ పడకూడదు. అవుట్‌పుట్ ట్యూబులకు ముందున్న చిన్న 12ఏఎక్స్7 ట్యూబులలో ఫేజ్ స్ప్లిటర్‌గా (సిగ్నల్‌ను రెండు ఎదురు సిగ్నళ్లుగా విడదీసేదిగా) ఉన్నదాని రెండు సగాలు దగ్గరగా ఉంటే చాలు.

జత అమర్చాక కూడా కరెంట్లలో తేడా కనిపిస్తే ట్యూబును తప్పుపట్టే ముందు రెండింటినీ ఒకదాని సాకెట్‌లోకి మరొకటి మార్చి చూడు. తేడా ట్యూబుతో పాటు కదిలితే లోపం ట్యూబుదే. సాకెట్ దగ్గరే నిలిచిపోతే గ్రిడ్‌కు సిగ్నల్ అందించే కప్లింగ్ కెపాసిటర్ లీకేజీనీ, బయాస్ రెసిస్టర్లనూ పరీక్షించి, ఆ కొలతలు నాకు రాసి పంపు.