యాడ్ ఫోటోగ్రఫీ: కెమెరాకు ముందు స్టీలు గ్లాసు పరీక్ష

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఇంజినీరింగ్ వద్దట, అడ్వర్టయిజింగ్ ఫోటోగ్రాఫర్ అవుతుందట. పెళ్లిళ్ల ఫోటోలు కాదు, ప్రకటనలకు తీసేవి. కంపెనీ చెప్పిన వస్తువును చెప్పినట్టు తీయడంలో సృజన ఏముంటుందో నాకు అర్థం కావడం లేదు. రెండు లక్షల కెమెరా అడుగుతోంది. కొనమంటారా? ఏ కోర్సులో చేర్చాలి?
– ఓ తండ్రి, హనుమకొండ

జవాబు: కెమెరా ఇప్పుడే కొనకండి. మీ అమ్మాయి ఎంచుకున్న దారి తప్పని కాదు. ఈ పనిలో కెమెరా వాటా మీరూ తనూ అనుకుంటున్న దానికన్నా బాగా చిన్నది, అంతే.

ముందు సృజన సంగతి. ఏం తీయాలో కంపెనీ చెబుతుంది. ఎలా కనిపించాలో ప్రకటన తయారుచేసే ఏజెన్సీలోని ఆర్ట్ డైరెక్టర్ లేఅవుట్ గీసిస్తాడు. కానీ కాగితం మీది ఆ బొమ్మను నిజం గాజుతో, నిజం నూనెతో చూపించాల్సింది ఫోటోగ్రాఫరే. ఆవకాయ సీసానే తీసుకోండి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ముందు పెట్టి ఎదురుగా ఫ్లాష్ కొడితే గాజు మీద తెల్లటి మచ్చ పడుతుంది, సీసా అంచులు తెలుపులో కలిసిపోతాయి, పైన తేరిన నూనె బురద రంగులో కనిపిస్తుంది. అందుకే లైటింగ్ వెనక నుంచి మొదలుపెడతారు. సీసా వెనక కాస్త దూరంలో డిఫ్యూజన్ షీటు (వెలుగును పరిచి మెత్తబరిచే పలచటి తెర), దాని వెనక సాఫ్ట్‌బాక్స్ (ముందు తెల్లగుడ్డ కట్టిన పెట్టెలాంటి లైటు). ఆ వెలుగు నూనెలోంచి దూసుకొచ్చి ఎర్రగా మెరుస్తుంది. సీసాకు రెండు పక్కలా, ఫ్రేములో పడకుండా, నల్లటి అట్టలు నిలబెడతారు. గాజు అంచులు ఆ నలుపును పట్టుకుని పెన్సిలుతో గీసినట్టు తేలతాయి. బ్యాక్‌గ్రౌండ్ నలుపైతే ఇదంతా తిరగబడుతుంది: పక్కల నల్ల అట్టల బదులు స్ట్రిప్ బాక్సులు, అంటే సన్నటి పొడవాటి సాఫ్ట్‌బాక్సులు, వస్తాయి.

కింద ముక్కలూ ముద్దా ఉన్న భాగంలోంచి వెలుగు రాదు. దానికి పక్క నుంచి ఇంకో లైటు, ఎదుటి పక్క ఆ వెలుగును తిప్పికొట్టే థర్మాకోల్ షీటు. ఆ లైటు కాస్తా నున్నటి లేబుల్ మీద తెల్లగా పరుచుకుని అక్షరాల్ని మింగేస్తుంది. లేబుల్ చదవడానికి వీలుగా లైటు జరిపితే ముక్కలు చీకటైపోతాయి. అన్నీ ఒకే క్లిక్కులో కుదరవు కాబట్టి ట్రైపాడ్ కదలకుండా లేబుల్‌కు ఒక ఫ్రేము, నూనెకు ఒకటి, మూతకు ఒకటి, బ్యాక్‌గ్రౌండుకు ఒకటి తీసి ఫోటోషాప్‌లో కలుపుతారు. మధ్యలో ఎవరి కాలైనా ట్రైపాడ్‌కు తగిలిందంటే పని మళ్లీ మొదటికే. అందుకే దానికి ఇసుక సంచి వేలాడదీస్తారు.

సెట్టింగుల్లో పెద్ద రహస్యాలేమీ లేవు. దగ్గరి వస్తువులను తీసే 100 ఎంఎం మాక్రో లెన్సు, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందన) 100, షట్టరు వేగం సెకనులో 1/125 వంతు, లెన్సు కన్నం ఎఫ్/11 దగ్గర మొదలుపెడతారు. ఆ కన్నాన్ని ఎఫ్/22 దాకా మూసేస్తే అంతా షార్ప్‌గా వస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు. ఫోకస్ లోతు పెరిగే మాట నిజమే గానీ, డిఫ్రాక్షన్ (సన్న కన్నంలోంచి వచ్చే వెలుగు చెదరడం) వల్ల బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. కెమెరా లేబుల్ ఎత్తులోనే ఉండాలి, పైనుంచి వంచి తీస్తే సీసా అడుగు సన్నబడినట్టు కనిపిస్తుంది. లైట్లు సరిచూసే ముందు ఫ్లాష్‌లన్నీ ఆపి అదే సెట్టింగులో ఓ ఫ్రేము తీయాలి. అది పూర్తిగా నల్లగా రావాలి. రాలేదంటే గదిలో ట్యూబులైటు వెలుతురు బొమ్మలోకి దూరుతోందన్నమాట. రంగులు పాడయ్యేది అక్కడే.

ఇక సీసా లోపలి పని. ఫ్యాక్టరీ నుంచి డజను సీసాలు తెప్పించి, గాజులో బుడగ లేనిది, లేబుల్ వంకర లేనిది ఒకటి ఏరుతారు. దాన్ని 'హీరో' అంటారు. ఫుడ్ స్టైలిస్టు (తిండిని కెమెరాకు అందంగా అమర్చేవారు) టెంక ఉన్న ముక్కల్ని ఏరి, పట్టకారుతో ఒక్కొక్కటీ గాజుకు ఆనించి పేరుస్తారు. గాజుకు అంటుకున్న గాలి బుడగల్ని సన్న పుల్లతో బయటికి తీస్తారు. వేలిముద్రలు పడకుండా చేతులకు తొడుగులు. కాసేపు కదలకుండా ఉంచితే పిండి అడుక్కు దిగుతుంది, నూనె తేరుతుంది, ఇందాకటి ఫ్రేముకూ ఇప్పటి ఫ్రేముకూ నూనె గీత కలవదు. అందుకని లైట్లన్నీ డమ్మీ సీసాతో సరిచేసుకుని హీరోను ఆఖర్న దించుతారు. మీరడిగిన సృజన ఇక్కడుంది. ఏ వెలుగు ఎక్కడ ఆపాలి, ఏది ముందు తీయాలి, దేన్ని వదిలేయాలి అన్న నిర్ణయాల్లో.

దీనికో హద్దు కూడా ఉంది. అమెరికాలో క్యాంప్‌బెల్ సూప్ ప్రకటన కోసం గిన్నె అడుగున గాజు గోళీలు వేసి కూరగాయ ముక్కల్ని పైకి తేల్చారు. 1970లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని ఆపించింది. మన దగ్గర తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటి తప్పుకే 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. కూల్‌డ్రింక్ గ్లాసులో యాక్రిలిక్ ఐసు ముక్కలు వేయడం, సీసా మీద నీటి చుక్కలు జారిపోకుండా గ్లిజరిన్, నీళ్లు సమంగా కలిపి చల్లడం మామూలే, ఎందుకంటే అమ్మేది ఐసు కాదు. అమ్మే సరుకు మాత్రం నిజంది ఉండాలి.

బొమ్మ బాగున్నా ప్రకటనకు పనికిరాని సందర్భాలుంటాయి. 40×20 అడుగుల హోర్డింగ్ అంటే వెడల్పు ఎత్తుకు రెండింతలు. సీసాను ఫ్రేము నిండా నిలువుగా తీసేస్తే మ్యాటర్ పెట్టడానికి చోటుండదు. అందుకే షూట్‌కు ముందు మీటింగులోనే ఏ సైజులు కావాలో రాయించుకుంటారు. తీసేటప్పుడు కెమెరాను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, లేఅవుట్‌ను బొమ్మ మీద పరిచి చూస్తారు. క్లయింట్ ఓకే కూడా ఆ స్క్రీన్ మీదే తీసుకోవాలి. వాట్సాప్‌లో పంపి ఓకే చేయించుకుంటే ఆయన ఫోన్లో కనిపించిన రంగు వేరు, అచ్చులో వచ్చేది వేరు. పట్టుచీరల విషయంలో ఇది గొడవల దాకా వెళ్తుంది. వంకాయ రంగు నీలంగా వచ్చిందంటే ఆన్‌లైన్లో కొన్నవాళ్లు చీర వాపసు పంపుతారు. ప్రతి లైటింగులోనూ మొదటి ఫ్రేములో కలర్ చెకర్ (తెలిసిన రంగుల గళ్లున్న అట్ట) పెట్టి తీసేది అందుకే. నగలది ఇంకో తలనొప్పి. చుట్టూ తెల్లటి టెంట్ కడితే బంగారం నిగనిగలాడుతుంది గానీ రాళ్లు చచ్చిపోతాయి. వాటి మెరుపు కోసం చిన్న గట్టి లైటు ఒకటి విడిగా కొట్టాలి.

ఇప్పుడు మీ అమ్మాయికి పరీక్ష. ఫోను, కిటికీ, థర్మాకోల్ షీటు, రెండు నల్ల చార్టులు, నాలుగు ట్రేసింగ్ పేపర్లు చాలు. స్టీలు గ్లాసును ఫోటో తీయమనండి, అందులో గదీ, కిటికీ చువ్వలూ, తన మొహమూ కనిపించకూడదు. చుట్టూ ట్రేసింగ్ పేపరు కట్టి, లెన్సు పట్టేంత కన్నం చేస్తే ప్రతిబింబాలు పోతాయి. కానీ గ్లాసు గుండ్రదనం కూడా పోయి రేకు ముక్కలా కనిపిస్తుంది. అప్పుడు నల్ల చార్టును రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కత్తిరించి పక్కల నిలబెడితే ఆకారం తిరిగొస్తుంది. పట్టీ అంగుళం జరిగితే చాలు, గ్లాసు మారిపోతుంది. ఇందులో దేన్నీ ముందే చెప్పకండి, తననే కనుక్కోనివ్వండి. సాయంత్రం దాకా దాని ముందే కూర్చుని తిండి మర్చిపోతే ఆ పిల్లను ఆపకండి. పావుగంటలో విసుగొచ్చి బయటికెళ్లి ఫోటోలు తీసుకుంటానంటే తనకు నచ్చింది ఫోటోగ్రఫీయే, అయితే ఈ రకం కాదు. పెళ్లి ఫోటోగ్రఫీ తనకు బాగా సరిపోవచ్చు. దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు, డబ్బులు అందులో త్వరగా కనిపిస్తాయి.

చదువు విషయానికొస్తే, హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీ అండ్ విజువల్ కమ్యూనికేషన్‌లో నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది. ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్వాలేదు. ఎఫ్ఏడీఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, బొమ్మలు గీసే సాధన ఇప్పట్నుంచే ఉండాలి. ముంబైలోని సర్ జేజే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ ఆర్ట్ ప్రకటనల రంగానికి పాత పుట్టిల్లు. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) గాంధీనగర్ క్యాంపస్‌లో ఫోటోగ్రఫీ డిజైన్ ఎండిజ్ (డిజైన్‌లో పీజీ) ఉంది, అది డిగ్రీ తర్వాత. రెండు మూడు నెలల సర్టిఫికెట్ కోర్సులు కెమెరా మీటలు నేర్పుతాయి, అంతకుమించి ఆశించవద్దు.

చేరాక మొదటి రెండేళ్లకు పాత కెమెరా బాడీ, 50 ఎంఎం లెన్సు, గట్టి ట్రైపాడ్, ఒక స్టూడియో ఫ్లాష్, సాఫ్ట్‌బాక్స్ సరిపోతాయి. మీరనుకున్న రెండు లక్షల్లో బాడీకి తక్కువ, లైటుకూ, రంగులు నమ్మదగ్గ మానిటర్‌కూ ఎక్కువ పెట్టండి. పెద్ద షూట్‌కు కావలసినవి అద్దెకు దొరుకుతాయి, ఆ అద్దె క్లయింట్ బిల్లులోకే వెళ్తుంది.

డిగ్రీ అయ్యాక రెండు మూడేళ్లు ఎవరి దగ్గరైనా అసిస్టెంటుగా చేయక తప్పదు. స్టాండ్లు మోయడం, కేబుళ్లు చుట్టడం, షూట్‌లో ఎక్కడ ఏది బెడిసిందో గమనించడం. జీతం తక్కువే. ఆ రోజుల్లో ఇంటి ఖర్చుకు మీ ఆసరా ఉండాలి, కెమెరా డబ్బుల కన్నా ఆ ఆసరానే ముఖ్యం. పోర్ట్‌ఫోలియోలో (పని అడిగేటప్పుడు చూపించే తన ఫోటోల సంకలనంలో) అన్నీ కలిపి వంద బొమ్మలు కాకుండా ఒకే విభాగంలో, ఆహారమో, నగలో, దుస్తులో, పదిహేను ఇరవై గట్టివి ఉంచాలి.

ఏఐ గురించి మీరడగలేదు, నేనే చెబుతాను. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద డబ్బా, షాంపూ సీసా లాంటి సాదా ప్యాక్‌షాట్లు ఇప్పటికే త్రీడీకీ, ఏఐకీ తరలిపోతున్నాయి. వాటి మీద బతుకుదామని ఈ రంగంలోకి రావద్దు. ఫలానా మగ్గం మీది ఫలానా చీర, ఫలానా హోటల్ బిర్యానీ, కట్టి ఉన్న అపార్ట్‌మెంటు లాంటివి ఉన్నది ఉన్నట్టు చూపాలి కాబట్టి అక్కడ కెమెరా అవసరం ఉంటుంది.

చివరిగా కాగితం సంగతి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు డబ్బిచ్చినవారే. తీసినవారు కాదు. ఉద్యోగంలో ఉండి తీస్తే, అప్పుడూ వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. అందుకే ఎస్టిమేట్‌లోనే హక్కులు ఎవరివో, బొమ్మ ఎక్కడ వాడుకోవచ్చో, ఎంతకాలమో రాసుకోవాలి. 'వెబ్‌సైటు, సోషల్ మీడియా, ఒక ఏడాది. హోర్డింగ్‌కు విడిగా' అన్నంత స్పష్టంగా. తీసే ఫీజు, వాడుక ఫీజు, స్టైలిస్టు, అసిస్టెంటు, స్టూడియో అద్దె, రీటచింగ్ వేర్వేరు పద్దులుగా చూపాలి. సగం అడ్వాన్సు చేతికొచ్చాకే షూట్ తేదీ ఖాయం చేయాలి, రీటచింగ్ ఎన్నిసార్లు మార్చి ఇస్తారో కూడా అందులోనే ఉండాలి. రెండుసార్లని రాసుంటే మూడోసారి అడిగినప్పుడు బిల్లు వేయొచ్చు.