నానో సీటుకి అడ్వాన్స్ కట్టే ముందు

ప్రశ్న: మాది కావలి. మా వారికి రొయ్యల మేత వ్యాపారం. నిరుడు ఆయనకి గుండెపోటు వస్తే నెల్లూరులో స్టెంట్ వేశారు. అప్పటినుంచి మా అమ్మాయి గుండె జబ్బుల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. కాంతితో రక్తనాళాల లోపలి బొమ్మలు తీయడం, నానో పదార్థాలతో పూడికల్ని గుర్తించడం మీద పనిచేసే ఒక యూనివర్సిటీ ల్యాబ్ గురించి చదివి, అదే నా దారి అని పట్టుబట్టింది. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నానోటెక్నాలజీ బీటెక్ సీటు ఉందని, ఈ వారంలోనే అడ్వాన్స్ కట్టాలని ఏజెంటు అంటున్నాడు. మా మరిది కొడుకు సీఎస్‌ఈ చేసి బెంగళూరులో మంచి ప్యాకేజీ తీసుకుంటున్నాడు. నానోటెక్నాలజీ, బయోమెడికల్, ఎమ్మెస్సీ, ఈ మూడు దారుల్నీ పోల్చి చెప్పండి.

జవాబు: అడ్వాన్స్ కట్టకండమ్మా. మిగతాదంతా తర్వాత.

ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. కోర్సు పేరు మారుతుందంతే. ఒకప్పుడు బయోటెక్నాలజీ అన్నారు, ఇప్పుడు నానో, ఏఐ అంటున్నారు. పిల్ల ఏళ్లకేళ్లు చదివి చివరికి ఇంట్లో ఖాళీగా కూర్చుంటుందేమోనన్నదే అందరి భయం. మీదీ అదే. దాని దగ్గరికి వస్తాను. ముందు మీ అమ్మాయికి నచ్చిన పని ఏమిటో మీకు తెలియాలి. అది తెలియకుండా కోర్సులు పోల్చి లాభం లేదు.

కంటి ఆసుపత్రిలో ఓసీటీ స్కాన్ మాట మీరు వినే ఉంటారు. కాంతితో లోపలి పొరల బొమ్మ తీసే పద్ధతి అది, 1991లో అమెరికాలో తొలిసారి చూపించారు. దాన్నే సన్నని తీగలాంటి క్యాథటర్ చివర పెట్టి గుండె రక్తనాళంలోకి పంపుతారు. పూడిక మీదుండే పొర 65 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పలచనైతే అది పగిలి గుండెపోటు తెచ్చే ప్రమాదం ఎక్కువ. మన వెంట్రుక మందం ఇంచుమించు అంతే ఉంటుంది. నాళం లోపల చేసే అల్ట్రాసౌండ్‌కి అంత సన్నని పొర అందదు. ఓసీటీ 10, 20 మైక్రాన్ల వివరం చూపిస్తుంది. చిక్కేమిటంటే కాంతి నాళం గోడలోకి ఒకటి రెండు మిల్లీమీటర్ల కన్నా లోతుకి పోదు, రక్తం అడ్డొస్తే అదీ లేదు. అందుకే ఫొటో తీసే ఆ కొద్ది సెకన్లూ కాంట్రాస్ట్ ద్రవంతో రక్తాన్ని పక్కకి నెట్టేస్తారు.

ఫొటోఅకౌస్టిక్ అని మరో పద్ధతి ఉంది. లేజర్ వెలుగు తగిలితే పూడికలోని కొవ్వు కాస్త వేడెక్కి సన్నని శబ్దం పుట్టిస్తుంది. దాన్ని అల్ట్రాసౌండ్ సెన్సర్ పట్టుకుంటుంది. నానో పదార్థాల పని ఇక్కడ మొదలవుతుంది. పూడికలో చేరే మాక్రోఫేజ్‌లు, అంటే చెత్తని మింగే రక్షక కణాలు, కంటికి కనిపించనంత చిన్న బంగారు నానో కణాల్ని మింగేస్తాయి. ఆ బంగారు కణాలు లేజర్ కాంతిని బాగా పీల్చుకుంటాయి కాబట్టి ఆ చోటు బొమ్మలో స్పష్టంగా కనిపిస్తుంది.

వినడానికి బాగుంది కదా? నాకున్న అనుమానం కూడా చెబుతాను. ఈ నానో పనిలో ఎక్కువ భాగం ఇంకా ఎలుకల దగ్గరే ఉంది. ఒంట్లోకి ఎక్కించిన కణాల్లో చాలా మటుకు గుండె దగ్గరికి కాదు, కాలేయానికీ ప్లీహానికీ పోతాయి. వాటిని బయటికి పంపడం ఎలా అన్నది పెద్ద ప్రశ్న. నానో అంతా ఉత్తదే అనడం లేదు. ఎంఆర్‌ఎన్ఏ కోవిడ్ టీకాలు పనిచేసింది కొవ్వు నానో కణాల వల్లే. కానీ బ్రోషర్‌లో రాసిన వేగంతో ఏదీ ఆసుపత్రికి చేరదు. తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థలో డాక్టర్ వలియతన్ బృందం 1970లలో గుండె కవాటం పని మొదలుపెట్టింది. మూడు నమూనాలు విఫలమయ్యాక నాలుగోది నిలబడింది. దాన్ని తొలి రోగికి అమర్చింది 1990 డిసెంబరులో. ఈ రంగంలో ఓపిక అంటే అదీ లెక్క.

ఇప్పుడు ఆ బీటెక్ సంగతి. నానోటెక్నాలజీని డిగ్రీలోనే బ్రాంచిగా తీసుకోవడం నాకు నచ్చదు. కాస్త ఫిజిక్స్, కాస్త కెమిస్ట్రీ, కాస్త బయాలజీ చెప్పి వదిలేస్తారు. అన్ని రకాల మేతా తలా పిడికెడు చల్లితే రొయ్యకి బరువు (కౌంటు) రాదని మీ వారిని అడిగితే చెబుతారు. అమ్మాయి ఎక్కడో చదివి తెలుసుకున్న అలాంటి ల్యాబుల్లో ఆప్టిక్స్ బాగా వచ్చిన ఒకరు, కణాలు తయారుచేసే కెమిస్ట్రీ మనిషి ఒకరు, కోడ్ రాసే ఒకరు, బయాలజీవాళ్లు, డాక్టర్లు కలిసి పనిచేస్తారు. ఏదో ఒక్కటి గట్టిగా వచ్చినవాళ్లకే అక్కడ చోటు. ఆ ఏజెంటుని అడగండి: ఈ బ్రాంచిలో పాసైన పిల్లలు ఎక్కడున్నారు, ఎంతమంది పీహెచ్‌డీలో చేరారు, ల్యాబ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఉందా, ఉంటే బీటెక్ పిల్లల్ని ముట్టుకోనిస్తారా? నీళ్లు నమిలితే ఫోను పెట్టేయండి.

పోల్చమన్నారు కాబట్టి క్లుప్తంగా. అమ్మాయికి పరికరం తయారుచేయాలని ఉంటే ఈసీఈ గానీ మంచి చోట బయోమెడికల్ గానీ చదవొచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ విభాగం ఉంది. ఊరూపేరూ లేని కాలేజీలో బయోమెడికల్ కన్నా మామూలు కాలేజీలో ఈసీఈ నయం. పదార్థాల మీద మోజైతే సైన్స్ దారి. తిరుపతిలో ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ సంస్థలో డిగ్రీ, పీజీ కలిపిన అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది, మీకు దూరమూ కాదు. అది రాకపోతే మంచి బీఎస్సీ చేసి, ఎమ్మెస్సీ సీటు కోసం జామ్ ప్రవేశ పరీక్ష రాయొచ్చు. పరీక్షల వివరాలు అమ్మాయికి నాకన్నా బాగా తెలుసు, అవి రాయను.

ఇక మీ భయం. పీహెచ్‌డీ అంటే ఇంట్లోంచి డబ్బు కట్టి చదివే చదువు అనుకుంటున్నట్టున్నారు. నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్లూ నెలకి 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరే. ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది, అది నిజమే. మధ్యలో మనసు మారినా నష్టం లేదు. ఆప్టిక్స్, ఇమేజ్ ప్రాసెసింగ్ వచ్చినవాళ్లని జీఈ, ఫిలిప్స్, సీమెన్స్ లాంటి వైద్య పరికరాల కంపెనీలు తీసుకుంటాయి. విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉండనే ఉంది. మీ మరిది కొడుకు ప్యాకేజీ ఆమెకి మొదట్లో రాదు. ముప్ఫై దగ్గరపడేదాకా చదువే అన్నదీ నిజమే. పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్నవాళ్లు బోలెడంతమంది, దానికి టెన్షన్ పడకండి.

ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. ఏజెంటు ఏమన్నాడో రాశారు, మరిది కొడుకు సంగతి రాశారు. అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో ఒక్క ముక్క లేదు. వాళ్ల నాన్నని అలా చూసి భయపడిపోయిన పిల్ల ఆమె. ఆ భయంలో పుట్టిన పట్టుదల నిలుస్తుందా లేదా అని మీరు అడిగుంటే సబబుగా ఉండేది. చుట్టాల పిల్లలతో పోల్చి చూస్తే అది తేలదు.

తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. ఇంటర్‌లో ప్రాక్టికల్స్ నిజంగా చేసిందా, రికార్డు రాసి వదిలేసిందా కనుక్కోండి. మన దగ్గర చాలా కాలేజీల్లో రెండోదే జరుగుతుంది. అలాగైతే పరీక్షలయ్యాక తెలిసిన డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని అడిగి రెండు వారాలు ల్యాబ్‌లో కూర్చోబెట్టండి. ఒకే రీడింగు పదిసార్లు తీసినా విసుక్కోకుండా ఇంటికొస్తే నాకు మళ్లీ రాయండి, అప్పుడు కాలేజీల పేర్లు మాట్లాడుకుందాం.