అమ్మ ఎలా ఉందని అడుగుతారు, నన్ను అడగరు

ప్రశ్న: మా తమ్ముడు చనిపోయి ఏడు నెలలైంది. పలకరించేవారందరూ "అమ్మానాన్నల కోసం నువ్వు ధైర్యంగా ఉండాలి" అంటారు. కొందరు "ఇంకా ఎన్నాళ్లిలా?" అంటారు. నేను దుఃఖంలో కోపం అనే దశ దగ్గరే ఆగిపోయానని ఆఫీసులో ఒకరు తేల్చేశారు. ఏం చెప్పాలో తెలియక ఫోన్ ఎత్తడమే మానేశాను. లోపం నాలోనే ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: లోపం మీలో లేదు. అమ్మానాన్నలకు బిడ్డ దూరమయ్యాడన్నది అందరికీ కనిపిస్తుంది గానీ, ఊహ తెలిసిన నాటి నుంచి మీతో కలిసి పెరిగి, మీ బాల్యానికి సాక్షిగా నిలిచిన మనిషి మీకు లేకుండా పోయాడన్నది చాలామందికి తట్టదు. అందుకే మిమ్మల్ని ఓదార్చవలసింది పోయి, ఓదార్చే బాధ్యతను మీకే అప్పగిస్తున్నారు. చుట్టూ ఉన్నవారి గుర్తింపుకు నోచుకోని ఇటువంటి దుఃఖాన్ని కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లోనే ప్రత్యేకంగా చర్చించారు.

దశల సంగతికి వస్తే, ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో కోపంతో సహా అయిదు దశలను వివరించింది మరణానికి చేరువైన రోగులతో మాట్లాడిన అనుభవంతో. ఆప్తులను పోగొట్టుకున్నవారు వరుస తప్పకుండా ఎక్కవలసిన మెట్లు కావవి. మీ కోపాన్ని ఆ లెక్కలో కొలిచే అధికారం మీ సహోద్యోగికి లేదు.

ఎప్పుడో ఒకసారి కనిపించి, మాట తోచక ఏదో అనేసేవారికి మీరు జవాబు బాకీ లేరు. తల ఊపి కదలిపోండి. తరచూ కలిసే దగ్గరివారితో మాత్రం మౌనం వద్దని నా అభిప్రాయం, ఎందుకంటే వారికి తెలియజెప్పకపోతే అదే మాట మళ్లీ మళ్లీ వినవలసి వస్తుంది. "అమ్మతో పాటు నాకూ కష్టంగానే ఉంది. ధైర్యం చెప్పకండి, కాసేపు వాడి గురించి మాట్లాడనివ్వండి" అనండి. గొంతు పెగలకపోతే అదే రాసి పంపండి. పెద్దవారి ఫోన్లకు బదులు చెప్పే పని కొన్నాళ్లపాటు నమ్మకమైన బంధువు ఒకరికి అప్పగించండి.

"ఎన్నాళ్లు" అన్నదానికి ఎవరి దగ్గరా గడువు లేదు. అయితే నిద్ర, తిండి, ఉద్యోగం దెబ్బతింటున్నా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ని కలవండి. ఈ వారం మీ తమ్ముణ్ని బాగా ఎరిగిన స్నేహితుడెవరైనా ఉంటే, ముందుగా ఆ ఒక్కరి ఫోన్ ఎత్తండి.