ఆ ఆఖరి రౌండ్ వద్దు

చిన్నా,

శని, ఆదివారాలు స్కీయింగ్‌కి వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. నా తర్వాత మన ఇంట్లో మంచు మీదికి వెళ్లేది నువ్వేనని ముందు ఎంతో సంతోషమేసింది. తర్వాత వాతావరణ సూచన చూశాను. శనివారం ఎండ, ఆదివారం మధ్యాహ్నం నుంచి గాలి, మంచు. అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు.

ఒంటికి తగిలే బట్ట కాటన్‌ది వద్దు, చెమటకి తడిసి ఆరదు. ఫోన్ లోపలి జేబులో పెట్టుకో, చలికి బ్యాటరీ పడిపోతుంది. మూసేసిన వాలుల జోలికి పోకు. కొత్త మంచు పడి గాలి వీచాక చరియలు విరిగిపడేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే. కింద చలి చూసి పైన లెక్క వేసుకోకు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల దాకా తగ్గుతుంది. మైనస్ 10లో గంటకు 40 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి మైనస్ 21లా తగులుతుంది.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు.

మా పెళ్లయిన మూడో ఏడు ఇద్దరం స్కీయింగ్‌కి వెళ్లాం. రెండో రోజు సాయంత్రానికి మీ మావయ్యకి మోకాళ్లు పట్టేశాయి, ఇక చాలన్నారు. డబ్బు కట్టాం, లిఫ్ట్ ఇంకా తిరుగుతోంది, ఇంకొక్క రౌండ్ అని నేనొక్కదాన్నే పైకెళ్లాను. దిగడం మొదలుపెట్టగానే మబ్బు కమ్మేసింది. ఆకాశం, నేల ఒకటే తెలుపు. నీడలు లేకపోతే ఎత్తుపల్లాలు తెలియవు. ఆగాననే అనుకున్నాను, స్కీలు ఇంకా జారుతూనే ఉన్నాయట! పక్కకి పడ్డాక గానీ తెలియలేదు. మంచు ఉండ చేసి ముందుకి విసిరేదాన్ని. అది పడిన చోటు కనిపిస్తే అక్కడిదాకా జరిగేదాన్ని. దారి అంచున పాతిన కర్ర ఒకటి దొరికితే దాన్ని వాటేసుకుని కదల్లేదు. చివరి తనిఖీకి దిగిన స్కీ పెట్రోల్ వాళ్లకి, అంటే వాలుల మీద గస్తీ తిరిగేవాళ్లకి, అక్కడే కనబడ్డాను.

కింద మీ మావయ్య గంటకు పైగా లిఫ్ట్ దగ్గరే నిలబడి ఉన్నారు. లోపల కూర్చోమన్నా వెళ్లలేదట, నేను దిగేసరికి కనబడకపోతే ఎలా అని. ముక్కు కొన మైనంలా తెల్లబడింది. గబగబా రుద్దబోతే పెట్రోల్ అతను నా చెయ్యి పట్టుకుని ఆపాడు. రుద్దితే చర్మం దెబ్బతింటుంది, వెచ్చటి అరచేయి ఊరికే ఆనించమన్నాడు. అలాగే ఆనించాను. ఆయన ఒక్క మాట అనలేదురా. "భయపడ్డావా?" అని అడిగారంతే. ఆ తర్వాత చలి పెడితే చాలు, ఆ ముక్కు కొన మొద్దుబారేది. ఆయన పోయేదాకా అంతే.

కాబట్టి ఎక్కకముందే దిగే టైమ్ అనుకోండి. నీ స్నేహితులు నవ్వితే నవ్వనీ. ఒక్కడివీ ఎక్కకు. మబ్బు పడితే కర్రల వెంబడే, ఒకరికొకరు కనబడేంత దూరంలో దిగండి. ఈత నేర్పిన రోజుల్లో పెదాలు నీలంగా మారినా "ఇంకొక్కసారి అత్తా" అంటూ నీళ్లలోంచి వచ్చేవాడివి కాదు. అది నా పోలికే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మావయ్య పసుపు అద్దాల గాగుల్స్‌కి కొత్త స్ట్రాప్ వేయించి కొరియర్ చేశాను. మబ్బు పట్టినప్పుడు అవే పెట్టుకో. ఆదివారం కిందికి దిగగానే ఫోన్ చెయ్యి. పక్కనే పెట్టుకుని కూర్చుంటాను.

మీ అత్తయ్య