ఆయన రాజీనామా, మీ బంగారం, భాగాలు తేలని మామగారి పొలం

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా, కనగల్ వైపు ఊరు. పెళ్లయినప్పటి నుంచి వనస్థలిపురంలో ఉంటున్నాం. మా ఆయనకు 38 ఏళ్లు. ఎమ్మెస్సీ బాటనీ చదివి మెడికల్ కోడింగ్‌లో చేరారు. రెండు కంపెనీలు కలిపి 9 ఏళ్ల 2 నెలలు అయింది, చేతికి 58 వేలు వస్తాయి. ఇప్పుడు అది మానేసి ఊరికి పోదామంటున్నారు. సర్కారు జూనియర్ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పార్ట్‌టైమ్ చెబుతారట, మామగారి పొలంలో బత్తాయి, నిమ్మ అంట్ల నర్సరీ పెడతారట, చుట్టుపక్కల తోటల్లో కొమ్మ కత్తిరింపులు గుత్తకు పడతారట. మొక్కలకు నీడనిచ్చే షేడ్‌నెట్‌కు నా బంగారం కుదువ పెడదామంటున్నారు. ఆదివారం సాయంత్రం అయిందంటే మనిషి ముఖం మాడిపోతుంది, ఊరికి పోతే మాత్రం మామూలుగా ఉంటారు. "ఆ కుర్చీల కూసుంటే ఊపిరి ఆడ్తలేదు" అంటారు. మామగారేమో "మట్టిల నుంచి బయటపడాలనే గద సదివించిన" అని తిడుతున్నారు. పాప ఆరో తరగతి. నేను ఇంట్లోనే బ్లౌజులు కుట్టి నెలకు ఎనిమిది వేల దాకా సంపాదిస్తాను. రెండు నెలలుగా మా ఇద్దరి మధ్య సరిగా మాటల్లేవు. మా అమ్మానాన్నలతో చెప్పించమంటారా? అదీకాక మళ్లీ అత్తగారింట్లో ఉండాలి.

జవాబు: అమ్మా, మీ ఆఖరి వాక్యం దగ్గరే మొదలుపెడతాను. పేజీ అంతా జీతం, బంగారం, పాప చదువు గురించి రాసి, చివర్లో "అదీకాక" అని ఒక్క ముక్క పెట్టి ఆపేశారు. నాకైతే సగం భయం అక్కడే ఉన్నట్టు కనిపిస్తోంది. ఇన్నేళ్లు మీ ఇల్లు మీరు నడుపుకున్నారు, మీ మిషను, మీ కస్టమర్లు, మీ టైము మీకున్నాయి. ఇప్పుడు వంటగదిలో ఇంకొకరి మాట వినాల్సి వస్తుంది. ఇది చిన్న విషయం కాదు, సిగ్గుపడాల్సిన విషయమూ కాదు. కానీ ఆయనతో గొడవ పడేటప్పుడు మీరు ఈ మాట చెప్పట్లేదు, జీతం గురించే మాట్లాడుతున్నారు. ఆయన జీతం లెక్క చూపించి "చూడు, సరిపోతుంది" అంటాడు, మీరు ఇంకో కారణం చెబుతారు, ఇది ఎన్నాళ్లు సాగినా తెగదు. ముందు ఇది నోరు తెరిచి చెప్పండి. దీనికి దారి కూడా ఉంది. ఊళ్లో కాకుండా నల్గొండ టౌన్‌లో అద్దెకుంటే ఆయన పొద్దున్నే బండి మీద పొలానికి పోయిరావచ్చు. పాపకు స్కూలు దొరుకుతుంది, మీకు కుట్టుపనీ దొరుకుతుంది. వనస్థలిపురం అద్దెతో పోలిస్తే అక్కడ తక్కువే. "ఊరికి పోదాం" అన్నంత మాత్రాన అత్తగారింట్లోకే పోవాలని ఎవరూ రాసిపెట్టలేదు.

ఇక ఆయన సంగతి. మెడికల్ కోడింగ్ చేసేవాళ్లు నా దగ్గరికి చాలామందే వస్తారు. మన దగ్గర బాటనీ, జువాలజీ, బయోకెమిస్ట్రీ చదివిన పిల్లలకు హైదరాబాద్‌లో తొందరగా దొరికే ఉద్యోగం అదే కాబట్టి. ఎక్కడో అమెరికాలో ఎవరికో అయిన జబ్బు కాగితాలు చదివి కోడ్‌లు వేయాలి, రోజుకు ఇన్ని చార్టులని టార్గెట్, తప్పులు పెరిగితే క్వాలిటీ పడిపోయిందని మీటింగ్. తొమ్మిదేళ్లు అది చేసి, మొక్కల గురించి చదువుకున్న మనిషి "ఊపిరి ఆడట్లేదు" అంటే నాటకం అనుకోవద్దు. అయితే ఒకటి గమనించండి. ఊరికి పోతే మామూలుగా ఉంటాడని మీరే రాశారు కాబట్టి బాధ ఎక్కువగా ఆ పని వల్లే అనుకోవచ్చు. అలా కాకుండా ఊళ్లో కూడా నిద్ర లేకపోవడం, తిండి సయించకపోవడం, దేనిమీదా ఇష్టం లేకపోవడం, బతుకు మీదే విసుగు మాటలు ఉంటే అది ఉద్యోగం మార్చినంత మాత్రాన పోదు, డాక్టరుకు చూపించాలి. మానసిక ఆరోగ్యానికి సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. నర్సరీ పెట్టినంత మాత్రాన డిప్రెషన్ తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆయన ప్లాన్‌లో నాకు బాగా నచ్చనిది పార్ట్‌టైమ్ పాఠాలను గట్టి నేల అనుకోవడం. గెస్ట్ లెక్చరర్‌కు జీతం ఉండదు, పీరియడ్‌కు ఇంత అని లెక్క. పీరియడ్‌కు 390, నెలకు 72 పీరియడ్లకు మించకుండా, అంటే అన్నీ చెబితే 28,080. దసరా నెల, సంక్రాంతి నెల అన్ని పీరియడ్లు ఎక్కడ పడతాయి? ఏప్రిల్, మే నెలల్లో కాలేజీయే ఉండదు. పది నెలలు నిండుగా వచ్చాయనుకున్నా ఏడాదికి 2,80,800, పన్నెండుతో భాగిస్తే నెలకు 23,400. అదీ నెల నెలా వేస్తారని కాదు, బిల్లులు ఆగి ఒక్కసారిగా పడటం మామూలే. పైగా ఏటా మళ్లీ కొత్తగా తీసుకోవాలి, రెగ్యులర్ లెక్చరర్ వచ్చి చేరితే ఆ రోజే దిగిపోవాలి. 2022 డిసెంబరులో 1,392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది కదా, వాళ్లు 2025లో కాలేజీల్లో చేరాక గెస్టులుగా ఉన్నవాళ్లలో చాలామందికి అదే జరిగింది. చెప్పొద్దని కాదు నేననేది. పాఠం చెప్పడం ఆయనకు ఇష్టమైతే తప్పకుండా చెప్పమనండి, మనిషి తేరుకుంటాడు కూడా. ఇంటి అద్దె, పాప ఫీజు మాత్రం దాని మీద పెట్టుకోవద్దు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఆయన చూసుకున్నాడో లేదో. జూన్, జూలైలో వానలు పడగానే మొక్కలు అమ్ముడుపోతాయి, గుంతలు తీస్తారు, నాటుతారు. కాలేజీలు తెరిచేదీ అప్పుడే. ఏప్రిల్, మేలో పాఠాలుండవు, ఆ ఎండల్లో మొక్క కొనేవాడూ ఉండడు, నీళ్లు మాత్రం రోజూ పెట్టాలి. అంటే రెండు ఆదాయాలూ ఒకేసారి వస్తాయి, ఒకేసారి ఆగిపోతాయి. ఒకటి ఆగితే ఇంకొకటి ఆదుకుంటుందనే ఆశతోనే కదా ఎవరైనా రెండు పనులు పెట్టుకునేది! ఇక్కడ ఆ ఆశ ఎండాకాలంలో పనిచేయదు. ఆ రెండు నెలల ఇంటి ఖర్చు ముందే విడిగా బ్యాంకులో పెట్టుకోకపోతే మొదటి మే నెలలోనే మీ ఇంట్లో మళ్లీ మాటలు ఆగిపోతాయి.

నర్సరీ గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే బంగారం అడుగుతున్నది దానికే. హరితహారం వచ్చిన దగ్గర్నుంచి ఊరూరా పంచాయతీ నర్సరీలున్నాయి, వేప, కానుగ, గుల్మొహర్ డబ్బు పెట్టి కొనేవాళ్లు లేరు. పళ్ల అంట్లయితే గిరాకీ ఉంది. కానీ బత్తాయి అంటు అంటే రంగపూర్ నిమ్మ గింజలు పోసి, మొలకలు పెంచి, పెన్సిల్ మందం వచ్చాక సాత్‌గుడి అనే బత్తాయి రకం మొగ్గ అంటు కట్టాలి. గింజ పోసిన దగ్గర్నుంచి మొక్క అమ్మకానికి వచ్చేసరికి ఏడాదిన్నర దాకా పడుతుంది. మొగ్గ తెచ్చిన తల్లిచెట్టు మంచిదా కాదా అన్నది రైతుకు నాలుగైదేళ్ల తర్వాత, కాపు మొదలయ్యాక గానీ తెలియదు. అందుకే జనం నమ్మకమున్న చోటే కొంటారు, ఆ నమ్మకం ఒక సీజన్‌లో రాదు. పళ్లమొక్కల నర్సరీకి ఉద్యాన శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోవాలి. కొండమల్లేపల్లిలో ఉద్యాన పరిశోధనా కేంద్రం ఉంది, ఆయన ఇప్పటికే అక్కడికి వెళ్లి వచ్చాడా? వెళ్లకుండానే షేడ్‌నెట్ కొలతల దాకా పోయుంటే మాత్రం నేను మీ వైపే. తొందరగా డబ్బు కనిపించేది ఆ కొమ్మ కత్తిరింపుల పనే. కాయ కోత అయ్యాక ఎండు కొమ్మలు తీసి, కోసినచోట తెగులు రాకుండా బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూసే పని పద్ధతిగా చేసేవాళ్లు తక్కువ. నలుగురు కూలీలు, కత్తెరలు, రంపాలు, ఒక బండి ఉంటే మొదలవుతుంది, బంగారం దాకా పోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, మీ ఉత్తరంలో ఎక్కడా లేనిది. మామగారి పొలం అన్నారు. మీ ఆయనకు అన్నదమ్ములున్నారా? భాగాలయ్యాయా? పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉంది? కలిసున్న భూమిలో ఒక కొడుకు బోరు వేసి, నెట్ వేసి, డ్రిప్ వేసి నిలబెట్టాక, రేపు పంపకాల్లో ఆ చెక్క తమ్ముడికి పడితే ఏమవుతుందో నల్గొండ జిల్లాలో పుట్టిన మీకు నేను చెప్పక్కర్లేదు. ఆడబిడ్డలకూ అందులో హక్కుంటుంది. కాబట్టి పెట్టుబడి పెట్టకముందే అందరూ కూర్చుని, ఏ ముక్కలో నర్సరీ, పంపకాలైతే పెట్టిన ఖర్చు ఎట్లా లెక్క కడతారు అన్నది కాగితం మీద రాసుకోవాలి. అన్నదమ్ముల మధ్య కాగితమేంటని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అననివ్వండి. అది తేలేదాకా మీ బంగారం బీరువా దాటొద్దు. అది స్త్రీధనం, ఇవ్వడం ఇవ్వకపోవడం పూర్తిగా మీ ఇష్టం. ఇవ్వననడం ఆయన మీద ప్రేమ లేకపోవడం కాదు, ఆ మాట కూడా ఆయనకు నేరుగానే చెప్పండి.

మీరు "వద్దు" అనడం ఆపి "ఎప్పుడు, ఎట్లా" అని అడగండి. నా లెక్కలో ఆయన ఇంకో పది నెలలు ఆగాలి, ఊరికే ఆగమనట్లేదు. పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, పదేళ్లు నిండితే 58 ఏళ్లప్పుడు చిన్నదో పెద్దదో పెన్షన్ వస్తుంది. తొమ్మిదేళ్లు దాటాక దాన్ని వదులుకోవడం తెలివితక్కువ పని. పాత కంపెనీ పీఎఫ్ ఇప్పటి ఖాతాలోకి మారిందో లేదో ముందు చూసుకోమనండి, మారకపోతే పాత సర్వీసు లెక్కలో కనిపించదు. ఇప్పటి కంపెనీలో అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ కూడా వస్తుంది, బేసిక్ 26 వేలుంటే ఏడాదికి 15 వేల చొప్పున. అదే షేడ్‌నెట్ డబ్బు కావచ్చు! కంపెనీ ఆరోగ్య బీమా రాజీనామాతోనే పోతుంది, అందులో అత్తమామలు కూడా ఉంటే మానేయకముందే అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మార్చుకునే వీలు అడగండి. బయట కొత్తగా తీసుకుంటే ముందున్న షుగర్, బీపీలకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ పది లక్షల దాకా ఉంది, మీకు కార్డు ఉందో లేదో నాకు రాయలేదు.

ఈ పది నెలల్లో శని, ఆదివారాలు ఆయన ఊళ్లో ఉండాలి. గింజలు ఇప్పుడే పోయాలి, అవి పెరగడానికి ఎట్లాగూ టైం కావాలి కదా. ఒకటి రెండు తోటలు కత్తిరింపుకు పట్టి, కూలీలకు ఇచ్చింది పోను చేతిలో ఎంత మిగిలిందో మీకు నోట్‌బుక్‌లో చూపించాలి. మే నెల ఒకటి ఊళ్లో పని చేసి చూడాలి, 44 డిగ్రీల ఎండలో కూడా ఊపిరి ఆడుతుందేమో ఆయనకే తెలుస్తుంది. ఆ పుస్తకంలో మీ ఎనిమిది వేలు కూడా రాయండి. ఇల్లు మారితే ఆ కస్టమర్లు పోతారు, కొత్తవాళ్లు వచ్చేదాకా ఆదాయం సున్నా. ఆయన లెక్కలో ఇది లేదని పందెం కాస్తాను, ఎందుకంటే ఆడవాళ్ల సంపాదన "చేతి ఖర్చు" కింద పోతుంది మన ఇళ్లల్లో.

మామగారిని శత్రువులా చూడకండి, ఆయన తిట్టేది అనుభవంతో. ఎన్ని బోర్లు వేశారు, ఎన్నింట్లో నీళ్లు పడ్డాయి, ఏ కరువులో తోట ఎండిపోయి నరికేశారు, మార్కెట్లో టన్నుకు తరుగు ఎంత తీశారు, ఇవన్నీ ఆయన్ని కూర్చోబెట్టి కొడుకు ముందే అడగండి. తిట్లు తగ్గి వివరాలొస్తాయి. కొడుకు ఉద్యోగం పోయి వచ్చాడని ఊళ్లో అనుకుంటారన్న బాధ కూడా ఆయనకుంది, దానికి నా దగ్గర మందు లేదు, నాలుగు రోజులు అంటారు, తర్వాత ఇంకొకరి గురించి అంటారు.

అమ్మానాన్నలతో చెప్పించమంటారా అని అడిగారు. వద్దు, ఇప్పుడైతే వద్దు. మీ వాళ్లు దిగితే ఇది పంచాయితీ అవుతుంది, ఆయన పౌరుషానికి పోయి మర్నాడే రాజీనామా పెట్టినా పెడతాడు. మీకు చెప్పకుండా బంగారం తీసినా, మీకు చెప్పకుండా రాజీనామా పెట్టినా మాత్రం ఆ రోజు సాయంత్రానికల్లా పిలవండి, అప్పుడు మొహమాటపడొద్దు.